హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా అభిమానుల మధ్య ‘కొత్త ఆల్బమ్ నచ్చలేదు’ అనే ముందు

• మొత్తం మూడుసార్లైనా వినండి, అందులో ఒకసారి మంచి స్పీకర్లలో. ఫోనులో విని తీర్పు చెప్పారని తెలిస్తే మీ మాట అక్కడితో సరి.

• ‘బాగాలేదు’ అని ఊరుకోకండి, ఏది బాగాలేదో చెప్పండి. 2003 నాటి ‘సెయింట్ యాంగర్’ ఆల్బమ్ మీద ఇప్పటికీ వినబడే ఫిర్యాదులు చూడండి: గిటార్ సోలో ఒక్కటీ లేదు, స్నేర్ డ్రమ్ము రేకు డబ్బా మీద కొట్టినట్టు ఖంగుమంటుంది. దాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు కూడా వీటిని కాదనరు, ‘అదే దాని అందం’ అంటారు. అప్పుడు కనీసం మాట సాగుతుంది. 2008లో ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్‌లో శబ్దం మరీ పెంచేశారని, మళ్లీ మిక్స్ చేయాలని సంతకాలు సేకరించినదీ అభిమానులే.

• ‘డబ్బుకు అమ్ముడుపోయారు’ అనే మాట నోటిదాకా వచ్చినా మింగేయండి. 1991లో ‘బ్లాక్ ఆల్బమ్’ వచ్చి అందరి నోటా పడ్డప్పటి నుంచీ అది విని విని అభిమానులకు విసుగొచ్చింది.

• నచ్చిన పాట ఉంటే ముందు దాని పేరు చెప్పండి. నిజంగా నచ్చితేనే సుమా, పైపూత పొగడ్తను ఇట్టే పసిగడతారు.

• కచేరీకి వెళ్లే దారిలో మాత్రం వద్దు. టిక్కెట్టు చేతిలో ఉన్నవాడికి డ్రమ్ము మోత గురించి ఏం చెప్పినా ఎక్కదు.