పెళ్లి బట్టల ట్రయల్‌లో కళ్లు తిరిగి పడిపోకుండా

హైదరాబాద్ టైలర్ షాపుల్లో పెళ్లికూతురికి పదే పదే వినబడే మాట ఒకటుంది: "హిలో నక్కో బేటా." కదలొద్దని. కదిలితే లెహంగా ఘేర్, అంటే కింది అంచు చుట్టు, వంకర పోతుందని మాస్టర్ గారి టెన్షన్. ఆయన బాధ ఆయనది. కానీ పిల్ల నిలబడ్డచోటే కుప్పకూలేది చాలాసార్లు ఆ మాట బుద్ధిగా విన్నందుకే. హిమాయత్‌నగర్ సందులో బొటిక్ నడుపుతూ పెళ్లి బ్లౌజులు, లెహంగాలు కుట్టించే దాన్ని కాబట్టి, మా దగ్గర ట్రయల్ ఎలా చేయిస్తామో చెప్తాను. కుట్టేవాళ్లకూ పనికొస్తుంది, కుట్టించుకునేవాళ్లకూ పనికొస్తుంది.

మనిషి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొత్తికడుపులోకి దిగుతుంది. దాన్ని మళ్లీ పైకి పంపే పని పిక్కలది. అడుగేసినప్పుడల్లా పిక్క బిగిసి, బోరింగు కొట్టినట్టు రక్తాన్ని గుండెకు ఎక్కిస్తుంది. మోకాళ్లు బిగబట్టి బొమ్మలా నిలబడితే ఆ పని ఆగిపోతుంది. పైగా ఉక్కపోతకు చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, బీపీ ఇంకా తగ్గుతుంది. కొందరికి ఆ దశలో గుండె వేగం కూడా ఒక్కసారిగా పడిపోయి, మెదడుకు రక్తం చాలక స్పృహ తప్పుతుంది. డాక్టర్లు వేసోవేగల్ సింకోప్ అంటారు. స్కూల్ ప్రేయర్‌లో ఎండకు నిలబడ్డ పిల్లలు పడిపోయేదీ ఇలాగే. పిన్ను గుచ్చుకుని ఒక్క రక్తపు చుక్క కనబడినా పడిపోయేవాళ్లున్నారు. అందుకే మొదటి ట్రయల్ రోజే అడిగేస్తాను, "ఇంజెక్షన్ అంటే కళ్లు తిరుగుతాయా అమ్మా?" అని. అవునంటే ఆ పిల్లకు పిన్నులు పెట్టం, చాక్‌పీసు గీతలతో, కచ్చా కుట్టుతో కానిచ్చేస్తాం.

టైము సంగతి. పొద్దున జనరల్ బజార్‌లో చీరలు, మధ్యాహ్నం బేగం బజార్‌లో రిటర్న్ గిఫ్టులు, అవన్నీ అయ్యాక ఎండలో ఆటో దిగి సాయంత్రం ట్రయల్ అంటే ఒప్పుకోను. మే నెలలో మన ఊళ్లో నలభై డిగ్రీలు దాటుతుంది, ఆ తిరుగుడుకు ఒంట్లో నీళ్లన్నీ చెమటలోనే పోతాయి. ట్రయల్‌కి పదిన్నర, పదకొండు మంచి టైము. ఇడ్లీయో ఉప్మాయో తిని, ఇంకో పావుగంటలో ట్రయల్ అనగా రెండు పెద్ద గ్లాసుల నీళ్లు తాగాలి. అర లీటరు నీళ్లు ఒకేసారి తాగితే కాసేపు బీపీ కొంచెం నిలబడుతుంది. రక్తదానానికి ముందు నీళ్లు తాగమనేది కూడా అందుకే. ఉప్పేసిన మజ్జిగ ఇంకా మంచిది. బీపీ, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లకు మాత్రం ఉప్పు విషయంలో డాక్టర్ మాటే లెక్క. ఇక పెళ్లికి నెల ముందు నుంచి గ్రీన్ టీ, కీరా ముక్కల మీద బతికే పిల్లలతో నాకు రోజూ గొడవే. బ్లౌజు రెండు అంగుళాలు లూజు చేయడం మాకు పెద్ద పని కాదు, లోపల మార్జిన్ వదిలేది అందుకేగా.

ట్రయల్ రూమ్ అంటే అందరికీ తెలిసిందే. అద్దం, నాలుగు లైట్లు, ఒక కర్టెను, గాలి ఆడదు. బట్టలు మార్చుకోవడానికి తప్ప ఇంక దేనికీ వాడొద్దు. మేము షట్టర్ సగం దించి, ముందు హాల్లో ఫ్యాన్ కింద జంపఖానా పరిచి దాని మీద నిలబెడతాం. స్టూలు మీద అస్సలు ఎక్కించం. మాస్టర్‌కి నడుం నొప్పి రాకుండా స్టూలు వాడే షాపులు చాలా ఉన్నాయి, కానీ స్పృహ తప్పిన మనిషి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, తల నేరుగా నేలకు కొట్టుకుంటుంది. గాజు టేబులు, వేడి ఇస్త్రీ పెట్టె కూడా పక్కకు జరపండి. కుర్చీ ఒకటి మాత్రం చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉండాలి.

అసలు కిటుకు పనిని ముక్కలు చేసుకోవడంలో ఉంది. బ్లౌజు, లెహంగా, దుపట్టా అన్నీ ఒకేసారి తొడిగి గంటసేపు నిలబెట్టే అలవాటు మానేయాలి. బ్లౌజు చూసేటప్పుడు కింద ఆమె వేసుకొచ్చిన ప్యాంటే ఉండనివ్వండి. మెడ, వీపు, చేతుల బిగువు కూర్చోబెట్టి చూడొచ్చు. నిజానికి కూర్చోబెట్టే చూడాలి, పీటల మీద గంటలు కూర్చునేది ఆ బ్లౌజుతోనే కదా. చంక దగ్గర పట్టేస్తోందా అని చూడటానికి చేతులు పైకి ఎత్తిస్తాం, అది అర నిమిషం చాలు. లెహంగా కొలిచేటప్పుడు పైన వదులు టీషర్టు. మగ్గం వర్కు నిండిన లెహంగా, లోపల అది ఉబ్బి నిలబడేందుకు బిరుసు నెట్‌తో కుట్టిన క్యాన్‌క్యాన్, ఆ బరువంతా నడుము మీద నాడాతో వేలాడుతుంది. నాడా బిగించి కట్టి, పైన టైటు బ్లౌజు కూడా వేస్తే పిల్ల నిండుగా ఊపిరి కూడా తీసుకోలేదు.

తప్పనిసరిగా నిలబడాల్సింది ఘేర్ గీతకే. ఇక్కడే "హిలో నక్కో" మొదలవుతుంది. మాస్టర్ కోరేదాంట్లో న్యాయం లేకపోలేదు. ఒక కాలి మీద బరువు వేస్తే నడుము ఒక పక్కకు ఒరిగి, అంచు అటు వైపు దిగుతుంది. కాబట్టి కదలిక గీత గీసేటప్పుడు కాదు, గీతకూ గీతకూ మధ్య ఉండాలి. మాస్టర్ నేల మీద కూర్చుని చుట్టూ పాకే బదులు, ఆయన్ను ఒక్కచోటే ఉండమని, పిల్లనే తిప్పండి. స్కేలు నేలకు ఆనించి జానెడు మేర గీశాక, పిల్ల రెండు చిన్న అడుగులేసి కొంచెం తిరుగుతుంది. రెండు కాళ్ల మీద సమంగా నిలబడగానే మళ్లీ గీత. ఇలా చుట్టు పూర్తయ్యేలోపు తనకు తెలియకుండానే బోలెడన్ని అడుగులు పడతాయి, గీత ఇంకా తిన్నగా వస్తుంది. మా మాస్టర్ సాబ్ మొదట్లో గొణిగారు గానీ, మోకాళ్ల మీద పాకే బాధ తప్పాక ఇప్పుడు ఆయనే "ఘూమో బేటా" అంటున్నారు. గీసే ఆ కాసేపు కూడా మోకాళ్లు కొంచెం సడలించి, చెప్పుల్లో వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉండమనండి. అంచు వెంట్రుకవాసి కూడా కదలదు. పెళ్లికి వేసుకునే హీల్స్ ఘేర్‌కి తప్పక వేయాలి, అది కాగానే విప్పించేయండి. మా షాపులో ఎఫ్ఎం మోగుతూ ఉంటుంది. పాట అయిపోగానే పని ఎక్కడున్నా సరే, పిల్ల అద్దం దాకా నడిచి వస్తుంది, లేకపోతే పది సార్లు మడమలెత్తి దించుతుంది.

పడిపోయే ముందు ఒళ్లు చెబుతుంది, చూసే కళ్లుండాలి. అప్పటిదాకా గలగలా మాట్లాడిన పిల్ల సడెన్‌గా మాట ఆపేస్తుంది. ఆవులింతలు వస్తాయి. పై పెదవి మీద చెమట పడుతుంది, మొహం పాలిపోతుంది. "ఆంటీ, ఫ్యాన్ కొంచెం పెంచరా" అంటుంది, అప్పటికే ఫ్యాన్ ఐదులో ఉంటుంది. కడుపులో తిప్పడం, చెవులు దిబ్బళ్లు, కళ్ల ముందు చీకట్లు ఆ తర్వాత. "ఇంకొక్క పిన్నే" అనే మాట ఆ క్షణంలో ఎవరూ అనొద్దు. పని ఆపి పడుకోబెట్టండి, లేదా కుర్చీలో కూర్చోబెట్టి తల మోకాళ్ల మధ్యకు వంచండి. కూర్చునేందుకు ఒక్క నిమిషం పట్టేలా ఉంటే, కాళ్లు కత్తెరలా వేసి తొడలు, పిరుదులు గట్టిగా బిగించాలి. రెండు చేతుల వేళ్లు కొక్కెంలా పట్టుకుని బయటికి లాగుతూ ఉండాలి. బీపీ వెంటనే కొంత పెరుగుతుంది.

పడిపోతే మాత్రం పట్టుకుని నిలబెట్టొద్దు. తల్లి ఒక పక్క, పిన్ని ఒక పక్క చంకల్లో చేతులేసి లేపి నిలబెట్టడమే అన్నిటికన్నా చెడ్డది, తలకు రక్తం అందకుండా పోయిందే అలా నిలబడ్డందుకు కదా. మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు కుర్చీ మీదో బట్టల థాను మీదో ఎత్తి పెట్టండి. కడుపుతో ఉన్నవాళ్లనైతే ఎడమ పక్కకు తిప్పాలి. నాడా, హుక్స్ వదులు చేయండి. హుక్ రాకపోతే కత్తెర పెట్టేయండి, మళ్లీ కుట్టుకుంటాం. నోట్లో నీళ్లు పోయొద్దు, పొరబోతాయి. చేతిలో తాళాల గుత్తి, ముక్కు దగ్గర ఉల్లిపాయ అవసరం లేదు. చేతులు కాళ్లు కాసేపు జర్కులు కొట్టినా అది ఫిట్సే అయి ఉండాలని లేదు, మామూలు స్పృహ తప్పడంలోనూ వస్తాయి. సాధారణంగా నిమిషంలోపే కళ్లు తెరుస్తుంది. తెరవగానే లేపకండి, పది పదిహేను నిమిషాలు అలాగే పడుకోనిచ్చి, ముందు కూర్చోబెట్టి, ఆ తర్వాతే నిలబెట్టండి.

ఈలోపు షాపులో ఉన్న పెద్దవాళ్లకు రెండే అనుమానాలు: ఫిట్సా, విశేషమా? అత్తగారి తరఫు వాళ్లు పక్కనుంటే ఇక చెప్పక్కర్లేదు. నేనైతే ఆ ముచ్చట మొదలవకముందే గట్టిగా అంటాను: "ఎండకి, నిలబడి నిలబడి బీపీ పడిందమ్మా, ఎవరికైనా పడుతుంది." ఆ తర్వాత జనాన్ని బయటికి పంపేస్తాను.

నిమిషం దాటినా స్పృహ రాకపోయినా, ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ ఉన్నా, తలకు దెబ్బ తగిలినా, మాట తడబడినా, గర్భిణి అయినా 108కి ఫోన్ చేయండి. ముందు ఏ సూచనా లేకుండా పడిపోయినా, నడుస్తూనో మెట్లెక్కుతూనో పడిపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా ఆ రోజే డాక్టర్‌ని కలిసి ఈసీజీ తీయించాలి. తరచూ కళ్లు తిరిగే అమ్మాయికి హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. నెలసరి ఎక్కువయ్యే పిల్ల అయితే మరీ ముఖ్యం.

ఇక ఆ రోజు ట్రయల్ అక్కడితో ఆపేయండి, మిగతాది ఇంకో రోజు. స్కూటీ షాపు ముందే ఉండనిచ్చి, పిల్లను ఇంట్లోవాళ్లతో ఆటోలోనో క్యాబ్‌లోనో పంపండి.