'లభించును' అని రాయకుండా పచ్చళ్లు అమ్మడం ఎలా?

వేసవి వచ్చిందంటే నా ఫోనులో ఒకే పోస్టు పదిహేను వేర్వేరు పేర్లతో కనిపిస్తుంది. పసుపుపచ్చ రంగు మీద ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన జాడీ బొమ్మ, దాని కింద ఎర్రటి అక్షరాలు: "మా వద్ద అన్ని రకాల వెజ్, నాన్‌వెజ్ పచ్చళ్లు, పొడులు సరసమైన ధరలకు లభించును. ఆర్డర్లపై సప్లై చేయబడును." ఆ పచ్చళ్లు పెట్టే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అడగండి, కారం గురించే అరగంట చెబుతుంది. పోస్టు రాయమంటే మాత్రం దుకాణం బోర్డులా మాట్లాడుతుంది. నోటితో ఎవరూ అనని 'లభించును' వేళ్లలోకి ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా పిన్ని గుంటూరులో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. ఆరేళ్లుగా ఆమె పోస్టులు నేనే రాస్తున్నాను. ఆమెను చూసి అడిగిన మరో ఇద్దరికి కూడా రాస్తున్నాను. ఒకరివి మంగళగిరి చీరలు, ఒకరిది గానుగ నూనె. సరుకు మారినా రాసే పద్ధతి మారలేదు. ఇక్కడ ఆవకాయనే ఉదాహరణగా తీసుకుంటాను.

కావలసినవి

ఒక ఫోను, ఒక చిత్తు కాగితం, ఒక పెన్ను. కాగితం ఎందుకని అడగకండి, తప్పనిసరి. నేరుగా ఫోనులో రాయడం మొదలుపెడితే వేలు మొదట ఎమోజీల మీదకే పోతుంది. వాట్సాప్ బిజినెస్ ఉచితమే, పెట్టుకోండి. దానితో పాటు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఒక్కటి చాలు. మూడూ ఒకే రోజున తెరిచినవాళ్లు మూడో వారానికి మూడూ వదిలేయడం చూశాను. తినే సరుకు అమ్ముతుంటే ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల రిజిస్ట్రేషన్ నెంబరు చేతిలో ఉండాలి. అది లేకపోతే పోస్టు సంగతి తర్వాత, ముందు ఆ పని చూసుకోండి.

ఫొటో

ఉదయం పూట కిటికీ దగ్గర తీయండి. ఫ్లాష్ వద్దు. రంగులు పెంచే ఫిల్టరు అసలే వద్దు, కారం ఎరుపు కాస్త ఎక్కువైతే చాలు, చూసేవాళ్లకు రంగు కలిపారేమోనని అనుమానం వస్తుంది. ఫోను నిలువుగా పట్టుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌కు 4:5 నిష్పత్తి సరిపోతుంది. సీసా మూత పెట్టి తీసిన ఫొటో పచ్చడి ఫొటో కాదు, సీసా ఫొటో. మూత తీయండి, గరిటె పెట్టండి, ముక్క కనిపించనివ్వండి. మీ లోగో మూలన ఉంటే ఉండనివ్వండి, మధ్యలో మాత్రం వద్దు. ఫొటో గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

మొదటి వాక్యం

అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్టు కింద 2,200 అక్షరాల దాకా రాయవచ్చు. కానీ చూసేవాళ్లకు మొదట కనిపించేది ఒకటి రెండు వరుసలే. మిగిలినదంతా 'మరిన్ని చూడండి' వెనక దాక్కుంటుంది. ఫేస్‌బుక్‌లోనూ అంతే. అంటే మీరు రాసిన పోస్టు ఎంత పొడవున్నా, దాన్ని తెరిపించాల్సిన బరువంతా మొదటి వాక్యం మీదే ఉంది. ఆ చోటును "ఫ్రెండ్స్, అందరికీ నమస్కారం" అన్న మాటకు ఇచ్చేస్తారు! నమస్కారం పెట్టడం సంస్కారమే, కాదనను. ఇంటికి వచ్చినవాళ్లకు పెట్టండి.

మొదటి వాక్యంలో రాకూడనివి ఇంకా ఉన్నాయి. మీ వ్యాపారం పేరు రాకూడదు, అది ఖాతా పేరుగా పైన ఎలాగూ కనిపిస్తుంది. 'నాణ్యత', 'స్వచ్ఛత', 'నమ్మకం' అన్న మాటలు రాకూడదు. ఇవి అబద్ధాలని కాదు, కల్తీ సరుకు అమ్మేవాడు కూడా ఇవే రాస్తాడు. 'అమ్మ చేతి రుచి' కూడా వద్దు, ఎవరి అమ్మ చేతి రుచి వాళ్లకు తెలుసు, దానితో పోటీకి దిగి గెలిచినవాడు లేడు. "ఇది తెలిస్తే ఆశ్చర్యపోతారు" వంటి పొడుపుకథలు మొదటిసారి తెరిపిస్తాయి, రెండోసారి మీ పేరు చూడగానే దాటించేలా చేస్తాయి. ఈ మధ్య కంప్యూటర్‌తో రాయించిన పోస్టులు కూడా వస్తున్నాయి. "మీ రుచి మొగ్గలకు విందు" అని ఒకటి చూశాను. తెలుగింట్లో ఆవకాయ అన్నం కలుపుతూ రుచి మొగ్గల గురించి మాట్లాడుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మరి ఏమి రాయాలి? మీరు మాత్రమే రాయగలిగింది రాయాలి. ఈ రోజు మీ చేతుల మీదుగా జరిగిన ఒక్క పని, పక్కవీధి వ్యాపారి తన పేరు పెట్టి వాడుకోలేనిది.

చెప్పడం తేలికే, దొరకబుచ్చుకోవడం కష్టం. పని రోజూ చేసేవాళ్లకు తాము చేసేది కనిపించదు. మా పిన్నిని "ఈ రోజు విశేషమేమిటి?" అని అడిగితే, "విశేషమేముందిరా, కాయలు కొట్టించాం, ముక్కలు తుడిచాం, కలిపాం" అంటుంది. అందుకే ఆ ప్రశ్న అడగడం మానేశాను. ఇప్పుడు ఒకటే అడుగుతాను: "ఈ రోజు ఏమి పక్కన పెట్టేశావు?"

ఈ ప్రశ్నకు ప్రతిసారీ జవాబు వస్తుంది. పోయిన వేసవిలో ఒక రోజు ఇలా చెప్పింది: "వంద కాయలు కొట్టిస్తే పదకొండు పక్కన పెట్టాను. ఏడింటికి టెంక ముదరలేదు, నాలుగు దోరకు తిరిగాయి." టెంక ముదరకపోతే ఏమవుతుందని అడిగాను. "ముక్క నెల తిరక్కముందే మెత్తబడుతుంది. ఆవకాయలో ముక్క మెత్తబడ్డాక ఇంక తినడానికి ఏముంటుంది?" అంది. నేను కాగితం మీద ఇలా రాశాను:

"నిన్న కొట్టించిన 100 మామిడికాయల్లో 11 పక్కన పెట్టేశాం."

పిన్ని చూసి, "పారేసినవాటి గురించి రాస్తే కొనేదెవరురా?" అంది. నేను వినలేదు. చదివేవాళ్లు తమంతట తామే రెండో ప్రశ్న వేసుకుంటారు: ఎందుకు పక్కన పెట్టారు? ఆ ప్రశ్నే 'మరిన్ని చూడండి' మీద వేలు వేయిస్తుంది. జవాబుగా టెంక సంగతి చదివాక, మిగిలిన ఎనభై తొమ్మిది కాయల గురించి మీరు వేరే పొగడ్త రాయనక్కర్లేదు.

చీరలు అమ్మేవాళ్లకూ ఇదే ప్రశ్న పనిచేసింది. "ఈ చీర అంచులో ఒకచోట పోగు తప్పింది, అందుకే 300 తగ్గించాం" అని పెట్టిన పోస్టుకు ఆ చీరే కాదు, పోగు తప్పని మరో రెండు చీరలూ అమ్ముడయ్యాయి. తప్పును దాచని కొట్టు అనిపించుకోవడానికి ఇంతకంటే తక్కువ ఖర్చు దారి నాకు తెలియదు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఒకటి, లెక్క నిజమైనదై ఉండాలి. పదకొండు కాయలు పక్కన పెడితే పదకొండే రాయండి, బాగుంటుందని ముప్ఫై చేయకండి. ఎవరో ఒకరు పనివాళ్లను అడుగుతారు. రెండు, ఒకసారి ఫలించింది కదా అని ప్రతి వారం పక్కన పెట్టిన కాయల కథే రాయకండి, నాలుగోసారికి అదీ 'లభించును' అయిపోతుంది. పక్కన పెట్టింది ఏమీ లేని రోజున ఆగిపోయిన పని గురించి అడగండి. మబ్బు పట్టి ముక్కలు ఆరకపోవడంతో ఒక రోజు వాయిదా వేశారా? అదే మొదటి వాక్యం. మూడు, పక్కవాళ్ల సరుకును ఎత్తిచూపకండి. "మేము కొందరిలా రంగులు కలపము" అని రాసిన మరుక్షణం చదివేవాళ్ల మనసులో మీ పచ్చడి పక్కన రంగు అన్న మాట చేరిపోతుంది. నాలుగు, రాసినదాన్ని పైకి చదవండి. నోరు తడబడిన చోట కొట్టేయండి. పిన్ని నోట రాని మాట పిన్ని పోస్టులో ఉండకూడదు, నాకు ఎంత నచ్చినా సరే. ఐదు, పోస్టు పెట్టాక మరొకరి ఫోనులో తెరిచి చూడండి, మొదటి వాక్యం ఎక్కడ తెగిందో అక్కడ తెలుస్తుంది. 'పక్కన' దగ్గర తెగి 'పెట్టేశాం' వెనక్కి పోయిందంటే ఆ వాక్యం పనికిరాదు, కుదించండి.

కొందరు ఈ పనిని ఏజెన్సీలకు అప్పగిస్తారు. ఒక ఏజెన్సీ మా పిన్నికి కూడా నెలకు పన్నెండు పోస్టులు చేసి పెడతామని చెప్పింది. నమూనా చూశాం. ఉగాది శుభాకాంక్షలు, ఉమెన్స్ డే శుభాకాంక్షలు, యోగా దినోత్సవ శుభాకాంక్షలు, ప్రతిదానిలో మూలన పిన్ని ఫొటో, ఎన్నికల్లో నిలబడినట్టు. పన్నెండింటిలో ఒక్క మామిడికాయ లేదు.

మిగతా పోస్టు

మొదటి వాక్యం కుదిరితే మిగిలినది పావుగంట పని. ఆ రోజు పెట్టిన పోస్టు మొత్తం ఇది:

"నిన్న కొట్టించిన 100 మామిడికాయల్లో 11 పక్కన పెట్టేశాం. ఏడింటికి టెంక ముదరలేదు, నాలుగు దోరకు తిరిగాయి. అలాంటి ముక్క ఆవకాయలో నెల తిరక్కముందే మెత్తబడుతుంది. మిగిలినవి ఈ ఉదయం కలిపాం. ఎల్లుండి తిరగ కలిపి, నూనె పైకి తేలాక సీసాలకు ఎత్తుతాం. కిలో 600, అరకిలో 320. ఊళ్లో అయితే మా మనిషి తెచ్చి ఇస్తాడు, బయటి ఊళ్లకు కొరియరు ఖర్చు వేరు. శుక్రవారం దాకా చెప్పినవాళ్లకు ఈ కాయతోనే."

చూశారుగా, ఒక్క ఆశ్చర్యార్థకం లేదు. ఎమోజీ ఒకటి పెట్టవచ్చు, రెండు పెట్టకూడదు. ఒక పోస్టులో ఒకే సరుకు ఉండాలి. ఆవకాయ పోస్టు చివర "గోంగూర, చింతకాయ, కాకరకాయ కూడా ఉన్నాయి" అని తగిలిస్తే ఆవకాయ బరువు పోతుంది. గోంగూరకు మరో రోజు ఉంది.

ధర

రాయండి. "ధర కోసం ఇన్‌బాక్స్ చేయండి" అన్న వాక్యం కనిపెట్టిన వారెవరో గానీ, చిన్న వ్యాపారాలకు అంత నష్టం మరొకరు చేయలేదు. అడిగితే కొనాలేమోనని మొహమాటపడేవాళ్లు అడగరు. బేరమాడేవాళ్లే అడుగుతారు. ధర రాయని రోజుల్లో పిన్ని ఫోనుకు ఒక పోస్టుకు నలభై "ఎంత?"లు వచ్చేవి. జవాబు ఇచ్చాక అందులో సగం మంది మాయం. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపించేవాళ్లు ఎక్కువగా ఉంటే ప్యాకింగు, బరువు, కొరియరు కలిపి ఎంత అవుతుందో ఒక ఉదాహరణ లెక్క విడిగా రాసి పెట్టుకోండి. అడిగిన ప్రతివారికీ అదే పంపవచ్చు.

అనకూడని మాటలు

ఉసిరికాయ పచ్చడితో షుగరు తగ్గుతుందని, వెల్లుల్లి కారంతో గుండెకు ఢోకా ఉండదని రాయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఇంట్లో నుంచి పెట్టిన పోస్టు కూడా ప్రకటనే. వీడియోకు సినిమా పాట తగిలించాలన్న సరదా కూడా మానుకోండి. వ్యాపార ఖాతాలకు ఇన్‌స్టాగ్రామ్ పాటలన్నీ అందుబాటులో ఉండవు, ఇంకెక్కడి నుంచో తెచ్చి పెడితే హక్కుల తకరారు మీదకు వస్తుంది. రోట్లో ఆవాలు నలిగే చప్పుడు చాలు, పాట కంటే అదే బాగుంటుంది.

పెట్టే వేళ

ఉదయం పదకొండున్నర. ఆకలి మొదలై, అన్నం ఇంకా ముందుకు రాని వేళ అది. రాత్రి తొమ్మిది దాటాక తిండి పోస్టు పెట్టకూడదు, కడుపు నిండినవాడికి ఆవకాయ అమ్మలేరు. వాట్సాప్ స్టేటస్ 24 గంటలే ఉంటుంది కాబట్టి అదే ఫొటోను మర్నాడు వేరే వాక్యంతో మళ్లీ పెట్టవచ్చు. ఒకే సందేశాన్ని ఒక్కసారే అందరికీ విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు గానీ, మీ నెంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. అందుకే సీసా ఇచ్చేటప్పుడే "మా నెంబరు సేవ్ చేసుకోండి" అని నోటితో చెప్పండి. హ్యాష్‌ట్యాగులు మూడు చాలు: ఊరు, సరుకు, మీ పేరు.

పెట్టాక

గంటసేపు ఫోను దగ్గర ఉండండి. పదకొండు కాయల పోస్టు కింద వచ్చిన మొదటి ప్రశ్న ఆర్డరు కాదు: "ఆ పదకొండు కాయలు ఏమి చేశారు?" పిన్నిని అడిగితే, "లేతవి పప్పులోకి, దోరవి పులిహోరలోకి, పారేస్తామా ఎక్కడైనా?" అంది. ఆ మాటనే కామాలతో సహా జవాబుగా పెట్టాను. దాని కింద పులిహోర ఎలా చేస్తారని ఒకరు, ఏ రకం కాయ అని ఇంకొకరు, రెండు కిలోలు కావాలని మూడోవారు అడిగారు.

సరుకు అయిపోయాక పోస్టు తీసేయకండి. పైన "ఈ కాయ అయిపోయింది, మళ్లీ మంగళవారం కొట్టిస్తున్నాం" అని చేర్చండి. ఆ ఏడాది అలా చేర్చిన సాయంత్రమే మంగళవారం కాయకు పద్నాలుగు కిలోలు చెప్పారు. పిన్ని అప్పటికి ఇంకా కాయలు బేరమే చేయలేదు.