సూపర్‌వైజింగ్ ఇంజనీరును కేసులోకి లాగే ముందు

అమలాపురం వైపు నల్లమట్టిలో పునాది కుంగి గోడ బీటలు వారితే, కాంట్రాక్టరుతో పాటు పని చూసిన ఇంజనీరు మీదా దావా వేసేద్దామంటారు. కాస్త ఆగండి.

• అగ్రిమెంటులో ఆయన ఎవరి తరఫున సంతకం పెట్టారో చూడండి. యజమాని ఏజెంటుగా పెడితే, 1872 కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ ప్రకారం మామూలుగా ఆ ఒప్పందానికి సొంత బాధ్యత ఉండదు. మీకూ ఆయనకూ విడిగా ఫీజు ఒప్పందం ఉంటే అది వేరే సంగతి.

• కొలతల పుస్తకం జిరాక్స్ తీయించండి. మా ఇంటి గొడవలో పునాది లోతు దగ్గర 5 కొట్టేసి 4 రాసి, పక్కన పొట్టి సంతకం. సగం వాదన దాని మీదే నడిచింది!

• సాక్ష్యం కోసమే అయితే సమన్లు చాలు.

• కేసు మధ్యలో ఆయన్ను ప్రతివాదిగా చేర్చాలంటే సీపీసీ (సివిల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) ఆర్డర్ 1, రూల్ 10 కింద పిటిషన్ వేయాలి. లిమిటేషన్ చట్టం (దావా గడువుల చట్టం) 21వ సెక్షన్ ప్రకారం, సాధారణంగా ఆయన మీద దావా వేసినట్టు లెక్క చేర్చిన రోజు నుంచే. ఒప్పందం తప్పినందుకు దావా వేసే గడువు 3 ఏళ్లు.