లైవ్ రాక్ తెచ్చాక ట్యాంకు కుదురుకోవడం లేదా? లైటును కాదు, రాయిని పరీక్షించండి

ఉప్పునీటి ట్యాంకులో పాచి ఆగడం లేదని అడిగేవారు అప్పటికే లైటు మార్చి ఉంటారు, మేత తగ్గించి ఉంటారు, నీటిలోని మురికిని నురుగుగా తీసే స్కిమ్మర్ ఇంకా పెద్దది కొని ఉంటారు. లైవ్ రాక్, అంటే నీటిని శుభ్రం చేసే బ్యాక్టీరియా, చిన్న జీవాలు ఉండే గుల్ల రాయి, ఎక్కడిదని అడిగితే, ఎవరో ట్యాంకు తీసేస్తుంటే చౌకగా వచ్చిందంటారు. ట్యాంకులో పెట్టే ముందు దాన్ని విడిగా బకెట్లో ఉంచి నీటిని కొలిచారా అంటే మాత్రం జవాబు ఉండదు. అసలు చేయాల్సిన పని అదే.

మన దగ్గర లైవ్ రాక్ అంటే చాలావరకు ఇలా చేతులు మారిన రాయే. రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే వాటిని సముద్రంలోంచి తీయడం, అమ్మడం నేరం. మన్నార్ సింధుశాఖ నుంచి తాజాగా దిగిందని ఎవరైనా పగడపు రాయి చూపిస్తే, ధర అడగకుండా వచ్చేయండి. ఇక మిగిలేవి పాత ట్యాంకుల రాయి, పొడి అరగొనైట్ (సున్నపు ఖనిజం) రాయి, సిమెంటుతో పోతపోసిన రాయి.

లక్షణం: పెట్టిన రెండు రోజులకే అమ్మోనియా పెరిగింది, నీరు మసకబారింది

దారిలో రాయి మీద జీవాలు చచ్చి కుళ్లుతున్నాయి. కొనేటప్పుడే ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. బాగున్న రాయికి సముద్రపు వాసన ఉంటుంది, చెడినదానికి కుళ్లిన గుడ్డు వాసన. పంపు, హీటరు పెట్టిన టబ్బులో ఉంచి, మెత్తబడిన భాగాలను బ్రష్‌తో తీసేస్తూ, నీళ్లు మారుస్తూ ఉండండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి అక్కడే నిలిచేవరకు ట్యాంకు వైపు తేవద్దు.

లక్షణం: పాచి పీకినా వస్తోంది, ఫాస్ఫేట్ కిట్ మాత్రం సున్నా చూపిస్తోంది

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కిట్ సున్నా అంది కాబట్టి కారణం ఫాస్ఫేట్ కాదనుకుని నెలల తరబడి వేరేచోట వెతుకుతారు.

రాయి కాల్షియం కార్బొనేట్. పాత యజమాని మేత ధారాళంగా వేసి, నీళ్లు అరుదుగా మార్చిన ట్యాంకులో ఏళ్లపాటు ఉంటే, నీటిలోని ఫాస్ఫేట్ దాని ఉపరితలానికి, గుల్లల లోపలి గోడలకు అంటుకుంటుంది. అదే రాయిని శుభ్రమైన నీటిలో పెట్టగానే ఆ నిల్వ మెల్లగా బయటికి రావడం మొదలవుతుంది. వచ్చింది వచ్చినట్టే పాచి తినేస్తుంది. నీటిలో మిగలనిదాన్ని కిట్ ఏం చూపిస్తుంది?

పాచి ఎక్కడ పెరుగుతోందో దగ్గరగా చూడండి. రాయి మీద పచ్చటి వెంట్రుకల్లా దట్టంగా ఉండి, అదే వెలుగు పడే అద్దం మీద, పక్కనే ఉన్న కొత్త సిరామిక్ ఫ్రాగ్ ప్లగ్ (పగడపు ముక్కను అతికించే బిళ్ల) మీద పలచగా ఉంటే అనుమానం రాయి మీదే. కిట్‌లో అంకె కనిపిస్తుంటే ఇంకో గుర్తు: ఫాస్ఫేట్ పీల్చే జి.ఎఫ్.ఓ. (ఐరన్ ఆక్సైడ్ గుళికలు) వేస్తే అంకె పడిపోతుంది, తీసేసిన కొద్ది రోజులకే మళ్లీ పాత చోటికే చేరుతుంది.

ఖాయం చేసుకోవాలంటే బకెట్ పరీక్ష చేయాలి. ఆర్.ఓ.డి.ఐ. (వడపోతతో ఖనిజాలు తీసేసిన) నీటిలో సముద్రపు ఉప్పు కలిపి, రాయి వేయకముందే ఫాస్ఫేట్ కొలిచి రాసిపెట్టుకోండి. లేకపోతే నీటి తప్పు రాయి మీద పడుతుంది. తర్వాత రాయి మునిగేంత నీళ్లే పోయండి, ఎక్కువ పోస్తే కారిన ఫాస్ఫేట్ పలచబడి తెలియదు. చిన్న పంపు పెట్టి, వెలుగు పడకుండా మూత వేయండి. చీకట్లో పాచి పెరగదు కాబట్టి తినేవాళ్లు ఉండరు. మూడో రోజు, ఏడో రోజు కొలవండి. మంచినీటి ట్యాంకుల కోసం అమ్మే రంగుల చార్టు కిట్ ఇక్కడ పనికిరాదు, చిన్న అంకెలు చదివే డిజిటల్ కలరీమీటర్ కావాలి. అంకె పెరిగితే నీళ్లు మార్చి మళ్లీ కొలవండి. మళ్లీ పెరిగిందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

రాయి మీది జీవం పోయినా ఫర్వాలేదనుకుంటే ఆరుబయట బ్లీచ్ నీటిలో నానబెట్టి లోపలి కుళ్లు పోగొట్టండి. పూర్తిగా కడిగి, వాసన పోయేదాకా ఎండబెట్టాకే యాసిడ్ జోలికి వెళ్లాలి. బ్లీచ్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. పది పాళ్ల నీటిలో ఒక పాలు హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోయండి. యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. రంగు, సువాసన కలిపిన బాత్‌రూమ్ యాసిడ్ వద్దు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. పొంగు రావడమంటే ఫాస్ఫేట్ పట్టిన పైపొర కరుగుతున్నట్టు. పొంగు తగ్గాక తీసి, వంటసోడా నీటిలో ముంచి, కడిగి మళ్లీ బకెట్ పరీక్ష చేయండి. ఈ రెండో పరీక్ష ఎగ్గొట్టేవారికి మొత్తం పని వృథా.

జీవం కావాలంటే దారి పొడవు. చీకటి టబ్బులో పంపు, హీటరు, జి.ఎఫ్.ఓ. పెట్టి, వారం వారం నీళ్లు మారుస్తూ అంకె నిలకడగా ఉండేదాకా ఆగాలి. నెలలు పట్టొచ్చు. రాయి ఇప్పటికే చేపలు, పగడాల మధ్య ఉంటే జి.ఎఫ్.ఓ. కొద్దికొద్దిగా వేయండి. ఒక్కసారిగా దించితే పగడాలు తెల్లబడతాయి, సున్నాకు తెస్తే డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవుల జిగురు కమ్ముకుంటుంది. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పి.పి.ఎం. (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉంటే చాలు.

లక్షణం: చేపలు బాగానే ఉన్నాయి, రొయ్యలు, నత్తలు చస్తున్నాయి

పాత యజమాని చేపల జబ్బుకు రాగి మందు వాడి ఉంటాడు, ఆ రాగి రాయిలో ఉండిపోయి రొయ్యలను, నత్తలను చంపుతుంది. కొనేముందే అడగండి. అవునంటే ఆ రాయి రీఫ్ ట్యాంకుకు పనికిరాదు.

లక్షణం: ఒడ్డున ఏరుకొచ్చిన రాయి ఎన్నాళ్లయినా పని చేయడం లేదు

విశాఖ తీరంలో చేతికి దొరికేది ఎక్కువగా ఖోండలైట్, సున్నపురాయి కాదు. వెనిగర్ చుక్క వేస్తే పొంగదు. అలాగని పొంగిన ప్రతి రాయీ పనికొస్తుందని కాదు. బేతంచెర్ల నాపరాయి కూడా పొంగుతుంది, కానీ గుల్లదనం లేక బ్యాక్టీరియాకు చోటివ్వదు. పనికొచ్చే రాయి చూపుకి పెద్దదిగా, చేతికి తేలికగా ఉంటుంది.

రాయితో వచ్చే జీవాలు ఇంకొన్ని ఉన్నాయి. ఐప్టేసియా అనే పీడ ఎనిమోన్ (పువ్వులా కనిపించే జీవి) కనిపిస్తే పీకవద్దు, తెగిన ముక్కలు మళ్లీ మొలుస్తాయి. చిక్కటి సున్నపు ముద్ద సిరంజితో దాని నోట్లో వేయండి. రాత్రిళ్లు టక్కుమని చప్పుడు వస్తే మాంటిస్ రొయ్య అయి ఉండవచ్చు. ఆ రాయిని బకెట్ మీద పట్టుకుని రంధ్రంలోకి సోడా నీళ్లు కొడితే బయటికి వస్తుంది, వేలు మాత్రం పెట్టవద్దు. ముళ్ల పురుగులు మిగిలిన మేత తింటాయి, వాటి జోలికి వెళ్లనక్కర్లేదు.