ముందు నల్లరాయి, తర్వాతే నార: స్కార్న్‌ను కొండ మీద చదవడం ఎలా

పులివెందుల, వేముల చుట్టుపక్కల పాత రాతినార (ఆస్బెస్టాస్) గనుల దగ్గరికి ఇరవై ఏళ్లకు పైగా జియాలజీ విద్యార్థులను తీసుకెళ్లాను. దాదాపు అందరూ ఒకే తప్పు చేసేవారు. బస్సు దిగగానే గుంత వైపు పరుగెత్తేవారు. గుంతలో ఖనిజం కనిపిస్తుంది గానీ, అది అక్కడే ఎందుకు పుట్టిందో కనిపించదు. ఒకప్పుడు ఆ గనుల్లో పనిచేసిన పెద్దాయన నాకు మొదటి ఏడాదే చెప్పాడు: "ముందర నల్లరాయి ఏడుందో చూడండి సార్. నార దాన్ని ఇడిసి యాడికీ పోదు." నేను నేర్పే పద్ధతంతా ఆ మాట మీదే నిలబడింది.

వేడి శిలాద్రవం సున్నపురాయి జాతి రాతిలోకి చొరబడినప్పుడు, ఆ వేడికీ, కదిలే ద్రవాలకూ ఆ రాయి మారిపోయి కొత్త ఖనిజాలు పుడతాయి. అలా పుట్టిన రాయే స్కార్న్. ఆ పేరు స్వీడన్ గని కార్మికులది. ఇనుప ఖనిజం పక్కన ఉండే పనికిరాని రాయిని వాళ్లు అలా పిలిచేవారు. పులివెందులలో ఉన్నది పుస్తకాల్లో చెప్పే గార్నెట్ స్కార్న్ కాదు, మెగ్నీషియం రకానికి దగ్గరి చుట్టం. అయినా నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు మనకు దగ్గర్లో లేదని నా అభిప్రాయం.

బయలుదేరే ముందు పాత రిపోర్టులు చదవండి. కడప, కర్నూలు శిలల మీద విలియం కింగ్ నివేదిక 1872లో వచ్చింది. దత్త మండలాల రాతినార మీద కౌల్సన్ రాసింది 1934లో. ఇద్దరూ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లే. కొండంతా కాలినడకన తిరిగి చూసి రాసినవి కాబట్టి వాటికి విలువ ఎక్కువ. ఆ సంస్థ భూకోశ్ పోర్టల్‌లో భూవిజ్ఞాన పటాలు దొరుకుతాయి. అందులో వేంపల్లె డోలమైట్ (ఇక్కడి సున్నపురాయి జాతి రాయి), దాన్ని చీల్చుకుని పరుచుకున్న డోలరైట్ (పెద్దాయన చెప్పిన నల్లరాయి, గడ్డకట్టిన శిలాద్రవం) ఎక్కడెక్కడ కలుస్తున్నాయో పెన్సిల్‌తో గీసుకోండి.

ఇక కొండ మీద. మొదట డోలమైట్ దగ్గర నిలబడండి, అది నల్లరాయిని కలిసే అంచుకు బాగా దూరంగా. బూడిద రంగులో, పైన ఏనుగు చర్మంలా ముడతలు పడి ఉంటుంది. కొన్ని చోట్ల ఉల్లిపొరల్లాంటి గుండ్రని గీతలు కనిపిస్తాయి. అవి స్ట్రోమటోలైట్లు, ఆనాటి సూక్ష్మజీవులు కట్టిన పొరలు. మారని రాయి ఎలా ఉంటుందో కంటికి పట్టకపోతే మారిన రాయిని పోల్చుకోలేరు. అందుకే నేను ఇక్కడే గంటసేపు కూర్చోబెట్టేవాడిని. ఆ తర్వాత పొరలకు అడ్డంగా, టేపు పరుచుకుంటూ నల్లరాయి వైపు నడవండి. ప్రతి రెండు మీటర్లకూ ఆగి లెన్సుతో చూడండి, గోరుతోనూ కత్తితోనూ గీకండి, ఒక చుక్క పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి.

అసలు కథ ఈ ఆమ్లం చుక్కే చెబుతుంది. మామూలు డోలమైట్ మీద నురగ సరిగా రాదు, గీకి పొడి చేస్తే కాస్త వస్తుంది. నల్లరాయి దగ్గరపడేకొద్దీ రాయి లేతాకుపచ్చకు తిరుగుతుంది. ఆ పచ్చ మధ్యలోని తెల్లటి భాగం మీద చుక్క పడగానే బుసబుసమని పొంగుతుంది. కారణం ఇదీ: డోలమైట్‌లో కాల్షియం, మెగ్నీషియం రెండూ ఉంటాయి. వేడి ద్రవాలతో వచ్చిన సిలికా, నీరు మెగ్నీషియాన్ని పట్టుకుని పచ్చటి సెర్పెంటైన్ అవుతాయి. ఒంటరిగా మిగిలిన కాల్షియం కాల్సైట్ అవుతుంది. పొంగేది ఆ కాల్సైటే. మొదటిసారి ఆ తేడా చూసిన పిల్లల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి.

గోటికే గీత పడి, చేతికి నున్నగా తగిలితే అది బలపం రాయి. పచ్చ రాతిలో సన్నని పట్టీల్లా, పట్టీ గోడలకు అడ్డంగా పట్టుదారంలా మెరిసేది క్రిసొటైల్, అంటే రాతినార. అక్కడ సుత్తి దించేయండి. నేను కుర్రతనంలో ఆ పోగులను వేళ్లతో విడదీసి చూశాను, వద్దని చెప్పినవాళ్లు లేరు. ఆ పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్బెస్టోసిస్, క్యాన్సర్ వస్తాయి, అదీ దశాబ్దాల తర్వాత. 1986లో మన దేశంలో కొత్త రాతినార లీజులు ఆపేసింది అందుకే. ఫొటో తీసుకోండి, దూరం రాసుకోండి, ముక్క మాత్రం తేవద్దు. పాత గుంతల్లోకి దిగవద్దు.

చివరికి డోలరైట్ వస్తుంది. నల్లగా, బరువుగా, ఎండకూ వానకూ గుండ్లుగా విడిపోయి ఉంటుంది. దాని వయసు సుమారు 188 కోట్ల ఏళ్లు.

గార్నెట్ రకం స్కార్న్‌కూ ఇదే నడక, ఖనిజాలే వేరు. చాలా రాగి స్కార్న్‌లలో చొరబడిన రాయి పక్కన ముదురు ఎరుపు గోధుమ రంగు గార్నెట్, తర్వాత పచ్చటి పైరాక్సీన్, పాలరాయి అంచున తెల్లటి వొలాస్టొనైట్ వరసగా ఉంటాయి. ఆ వరసను బట్టి మీరు అంచుకు ఎంత దూరంలో ఉన్నారో తెలుస్తుంది.

ఒక పొరపాటు మాత్రం చేయకండి: ఈ డోలమైట్‌లో దొరికే ప్రతిదీ నల్లరాయి వల్లే పుట్టిందనుకోకండి. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది కూడా ఈ వేంపల్లె డోలమైట్‌లోనే. కానీ అది పొర వెంట పోతుంది, నల్లరాయి అంచు వెంట కాదు. అందుకే ఒక్క గీత నడిచి ఆగిపోకండి. రెండు వందల మీటర్లు పక్కకు జరిగి ఇంకో గీత, ఆ తర్వాత మరొకటి నడవండి. పచ్చ పట్టీ మందం మూడింటిలోనూ రాసుకుని పటం మీద కలపండి. పట్టీ కనిపించని చోట కూడా సున్నా అని రాయండి.