నీటి వనరుల్లో ఎంటెక్ చేయాలంటే ముందు ఒక చెరువును పట్టుకోండి

"అక్కా, వాటర్ రిసోర్సెస్ తీసుకుంటే ఏం చదవాలి, ఎట్లా చదవాలి?" ఎంటెక్ సీట్లకు రాసే గేట్ పరీక్ష ఫలితాలు వచ్చాక మా ఊరి పిల్లల్లో ఎవరో ఒకరు ఏటా ఇలా ఫోన్ చేస్తారు. మాది నల్లగొండ జిల్లా. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ఇళ్ల మధ్య పెరిగాను, అందుకే ఈ చదువంటే నాకు ప్రాణం. హైదరాబాద్‌లో ఎంటెక్ చేసి, అప్పటినుంచి చెరువులు, నాలాల లెక్కల మీదే పనిచేస్తున్నాను. వాళ్లకు ఫోన్లో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

సీటు సంగతి తొందరగా చెప్పేస్తాను. గేట్ సివిల్ పేపర్ రాయండి, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్ స్కోరుతో చేరితే ఏఐసీటీఈ స్టైపెండ్ నెలకు 12,400 రూపాయలు వస్తుంది. హాస్టల్, మెస్ ఖర్చులకు అది పెద్ద ఆసరా. గేట్‌లో రాకపోతే రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ ఉంది. కూకట్‌పల్లి జేఎన్‌టీయూలో నీటి వనరుల కోసం ప్రత్యేకంగా ఒక సెంటర్ ఉంది. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ, కంది ఐఐటీ, వరంగల్ ఎన్‌ఐటీ కూడా చూడండి. ఎక్కడైనా సరే, కాలేజీ పేరు కన్నా గైడ్ ముఖ్యం. ఆయన దగ్గర గత మూడేళ్లలో వచ్చిన థీసిస్‌లు తీసి చూడండి. నది పేరు మాత్రం మారి, సాఫ్ట్‌వేర్, పద్ధతి అన్నింట్లో ఒకటే ఉంటే ఇంకొకరిని వెతుక్కోండి. సీనియర్లను ఒక్క మాట అడగండి: "సార్ ఫీల్డ్‌కు వస్తారా?"

చేరిన మొదటి నెలలోనే ఒక చెరువును ఎంచుకోండి. బస్సులో వెళ్లిరాగలిగేంత దూరంలో ఉండాలి. రెండేళ్లూ ఏ సబ్జెక్టు చెప్పినా దాన్ని ఆ చెరువు మీద పెట్టి చూడండి. హైడ్రాలజీలో దానికి ఎంత వరద వస్తుందో, హైడ్రాలిక్స్‌లో దాని మత్తడి మీదుగా ఎంత పోగలదో, భూగర్భజలాల క్లాసులో చుట్టుపక్కల బోర్లలో నీళ్లు ఏ లోతులో ఉన్నాయో లెక్కగట్టండి. నేను ఈ పని ఆలస్యంగా మొదలుపెట్టి రెండు నెలలు పోగొట్టుకున్నాను.

జరిగిందేమిటంటే, మేడ్చల్ దారిలో ఒక గొలుసుకట్టు చెరువు తీసుకుని, 30 మీటర్ల డీఈఎమ్ (నేలను 30 మీటర్ల గడులుగా విడగొట్టి ఒక్కో గడి ఎత్తు చెప్పే మ్యాప్) డౌన్‌లోడ్ చేసి, ల్యాబ్‌లోనే కూర్చుని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పరీవాహక ప్రాంతం, అంటే ఆ చెరువుకు వాన నీళ్లు వచ్చి చేరే నేలంతా, గీశాను. 14 చదరపు కిలోమీటర్లు వచ్చింది. గైడ్ మ్యాప్ చూసి, "ఈ రోడ్డు కింద నీళ్లు ఎటునుంచి దాటుతున్నాయమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆదివారం వెళ్లి చూస్తే రోడ్డు కింద రెండే రెండు పైపులు, వాటిలో ఒకటి సగం దాకా మట్టి, ప్లాస్టిక్ కవర్లతో పూడుకుపోయి ఉంది. పక్కనున్న ప్రహరీ మీద నా నడుము ఎత్తున బురద చార కనిపించింది. ఆ వీధిలోనే ఉన్న ఒక పెద్దాయన, వాళ్ల నాన్న ఆ చెరువు నీరటి (తూములు తీసి నీళ్లు వదిలే మనిషి) అట, నన్ను వెంటబెట్టుకుని నడిపించారు. పైపుల్లో పట్టని నీళ్లు రోడ్డు వెంబడి మళ్లి వేరే నాలాలో ఎలా కలుస్తాయో చూపించారు. 30 మీటర్ల గడిలో పైపు కనపడదు. మళ్లీ గీస్తే తొమ్మిది చదరపు కిలోమీటర్లే మిగిలింది. అంతకుముందు కట్టిన వరద లెక్కలన్నీ కొట్టేశాను. అందుకే, మోడల్ ముట్టుకునే ముందు కాలువ వెంబడి నడవండి. తూములు, పైపులు, మత్తడి, గోడల మీద చారలు ఫోన్‌లో ఫోటో తీసి, టేపు పెట్టి కొలిచి, నోట్‌బుక్‌లో రాసుకోండి.

డేటా కోసం ముందే తిరగడం మొదలుపెట్టండి. ఒక ఆఫీసులో పాత రికార్డుల కోసం నన్ను నాలుగు నెలలు తిప్పారు. డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ మీద, ఏ రిజిస్టరు, ఏ సంవత్సరాలు అన్నది స్పష్టంగా రాసి, మొదటి సెమిస్టర్‌లోనే ఇచ్చేయండి. రిసీవ్డ్ ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. నదుల సమాచారానికి కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఇండియా-వ్రిస్, ఉపగ్రహ చిత్రాలకు, కార్టోశాట్ ఉపగ్రహం డీఈఎమ్‌కు బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల భువన్ పోర్టల్ ఉన్నాయి. వాన లెక్కల్లో ఒక జాగ్రత్త. వాతావరణ శాఖ ఇచ్చే 0.25 డిగ్రీల గ్రిడ్‌లో ఒక్కో గడి దాదాపు 27 కిలోమీటర్లు. నగరంలోని చెరువుకు అది పనికిరాదు, ఉప్పల్‌లో కుండపోతగా కురుస్తుంటే కూకట్‌పల్లిలో చినుకు ఉండదు. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ ఆటోమేటిక్ స్టేషన్ల లెక్కలు తీసుకోండి.

సాఫ్ట్‌వేర్ల టెన్షన్ వద్దు. మ్యాపులకు క్యూజీఐఎస్, వానకు ఎంత వరద వస్తుందో లెక్కగట్టే హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్, ఆ వరద కాలువలో ఎంత ఎత్తున పారుతుందో చెప్పే హెచ్‌ఈసీ-రాస్ మూడూ ఉచితమే, ఇదే వరుసలో నేర్చుకోండి. కానీ ముందు చేత్తో లెక్క రావాలి. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఒక చదరపు కిలోమీటరు మీద అంత వానంటే 3 లక్షల 20 వేల ఘనపు మీటర్లు. మన కాలనీలకు వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 64 వేలు నిండుతాయి. పొద్దున పేపర్లో శ్రీశైలానికి లక్ష క్యూసెక్కుల ఇన్‌ఫ్లో అని చదివితే దాన్ని టీఎంసీల్లోకి మార్చండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ, అంటే లక్ష క్యూసెక్కులకు రోజుకు 8.64 టీఎంసీలు. 3.9 టీఎంసీల గండిపేట ఆ ప్రవాహానికి 11 గంటల్లో నిండిపోతుంది. నెల రోజులు ఇలా చేస్తే మోడల్ తప్పు అంకె ఇచ్చినప్పుడు చూడగానే పట్టేస్తారు.

ఇంజనీరింగ్ ఒక్కటే చదివి ఆగిపోకండి, పంపకాలు కూడా నీటి నిర్వహణే. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు ఎలా లెక్కగట్టిందో ఆ నివేదికలోనే చదవండి. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య ఎగువన రిజర్వాయర్లు ఎందుకు కట్టమన్నారో తెలుసుకుని, వాటిలో ఒకటైన గండిపేట కట్ట మీద ఒక సాయంత్రం నడిచి రండి. భూగర్భజలాల మీద ఆసక్తి ఉంటే హబ్సిగూడలోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో, సాగునీటి మీదైతే రాజేంద్రనగర్‌లోని నీటి, భూమి నిర్వహణ శిక్షణ సంస్థ వాలంతరిలో ప్రాజెక్టుకు అవకాశం ఉందేమో అడగండి. ఉద్యోగానికి ప్రభుత్వ ఇంజనీర్ల కోసం పెట్టే ఏఈఈ పరీక్షలు, కన్సల్టెన్సీలు, పీహెచ్‌డీ ఉన్నాయి. ఇంటర్వ్యూలో నన్ను ఎక్కువసేపు అడిగింది ఆ రెండు పైపుల గురించే.

థీసిస్ ఇచ్చాక, ఫీల్డ్‌లో సాయం చేసినవాళ్లకు మ్యాప్ తెలుగులో రాసి తీసుకెళ్లి ఇవ్వండి. ఆ పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని మ్యాప్ అంతా వేలితో తడుముతూ చూసి, "ఇక్కడ ఇంకో పైపు ఉండాలె బిడ్డా, గుడి వెనక" అన్నారు. ఇద్దరం కలిసి వెళ్లి చూశాం. పైపు అక్కడే ఉంది, ముళ్లకంప కింద.