పుట్టినరోజు ప్రయాణంలో వస్తే

మా పర్లాకిమిడి నుంచి జర్మనీ వెళ్ళి చదువుకుంటున్న పిల్లలకి ఒక మాట. పుట్టినరోజు నాటికి ఏదో ఊళ్ళో హాస్టల్ మంచం మీద ఉంటే, అర్ధరాత్రి దాకా కాచుకుని కూర్చోకండి. ఎండాకాలంలో ఇక్కడ 12 కొట్టేసరికి అక్కడ ముందురోజు రాత్రి 8:30 (చలికాలంలో 7:30), అప్పుడే వీడియో కాల్ చేస్తే అమ్మానాన్నలు మీ కోసం మేలుకునే ఉంటారు, పైగా 10 దాటాక గోల చేస్తే అక్కడ పక్కగది వాళ్ళు ఊరుకోరు.

గదిలో కొవ్వొత్తి వద్దు, పొగకి అలారం మోగుతుంది. మా తమ్ముడైతే ఫోన్ టార్చి మీద నీళ్ళ సీసా పెట్టి దీపం అనిపించాడు!

పాలకోవా పట్టుకెళ్ళకండి, బయటి దేశాల పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. నెయ్యి తగలని, నూనెలో వేయించిన అరిసెలు నాలుగు బ్యాగ్ అడుగున పెట్టుకోండి, కాస్త గట్టిపడతాయి, అంతే.